పన్నెండో రేక

మా అత్తగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడకి ఒకటో రేక దగ్గర దాహం వెయ్యదు. ఐదో రేక దగ్గరా వెయ్యదు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక రేకని గీసి చెరిపి గీసి చెరిపి చివరికి ఒప్పించి, దాన్ని ముప్ఫై డిగ్రీల చొప్పున చుట్టూ తిప్పి పువ్వు చేసి, ఆఖరిదైన పన్నెండో రేక మీద చెయ్యి వేసిన క్షణంలోనే వరండాలోంచి అడుగుతుంది.

"కోడలా, టీ ఏమైనా ఉందా?"

ఉందా అని అడగడం ఆవిడ మర్యాద. లేదు అనకపోవడం నా మర్యాద. ఈ రెండు మర్యాదల మధ్య ఆరేళ్ళుగా నా పన్నెండో రేక ఆగిపోతూ ఉంది.

ఆ రేక సంగతి కొంచెం చెప్పాలి. బుఖారా దగ్గర మా షాఫిర్కాన్‌లో పెళ్ళికూతురి గదిలో గోడకి కట్టే కుట్టుపని దుప్పటిని సుజనీ అంటాం. దాని నిండా గుండ్రటి పువ్వులు ఉంటాయి కానీ వాటిని పువ్వులు అనం, చందమామలు అంటాం. ఏ చందమామనీ పూర్తిగా ఒకేలా గియ్యం. నిండు గుండ్రం దేవుడిది, మనిషి దాని జోలికి పోకూడదని మా పెద్దవాళ్ళ భయం. అందుకని ఒక్క రేకైనా వేరుగా ఉండాలి. ఆ వేరు రేకలో ఏం పెట్టాలన్నది గీసేవాళ్ళ ఇష్టం. ఒకరు బాదం గింజ పెడతారు, ఒకరు కత్తి పెడతారు. కుట్టేవాళ్ళు నలుగురున్నా గీసే మనిషి ఒకరే. గుడ్డ మీద ఆ వేరు రేక చూసి, ఇది ఫలానా ఆమె చెయ్యి అని ఊరంతా పోల్చుకునేది.

మా అత్తగారు షరాఫత్ అలా గీసే మనిషి. ఆవిడ గుర్తు మిరపకాయ. పెళ్ళి కుదిరిన ఇంటివాళ్ళు రొట్టెలూ పంచదారా పట్టుకుని వచ్చి ఆవిడని పిలుచుకు వెళ్ళేవారట. చిన్న చందమామకి టీ తాగే పియాలా బోర్లించి గీసేది, పెద్దదానికి పళ్ళెం, ఇంకా పెద్దదానికి పిండి కలిపే బేసిన్. నేను కాపురానికి వచ్చిన కొత్తలో పింగాణీ సామానంతా అంచుల్లో సిరా మరకలతో ఉంటే, ఇది శుభ్రం తెలియని ఇల్లు కాబోలు అనుకుని వారం రోజులు తోమాను. మరకలు పోలేదు. ఏడో రోజు ఆవిడ నా వెనక నిలబడి, "అవి పోవు. నేనూ తోమి చూశాను," అంది. ఆ ఇంట్లో నాతో అన్న మొదటి దయగల మాట అదే. రెండో దానికోసం చాలాకాలం ఎదురుచూశాను.

ఆరేళ్ళ కిందట ఆవిడ కుడి చెయ్యి వణకడం మొదలైంది. మొదట పియాలాలో టీ కదిలింది. తర్వాత గీత కదిలింది. ఒక పెళ్ళివారి గుడ్డ మీద మిరపకాయ పురుగులా వంకర తిరిగితే, ఆవిడ తను గీసే కలాన్ని గుడ్డపీలికలో చుట్టి పెట్టెలో దాచేసింది. ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర మా ఆయన రొట్టె తుంచి తుంచి పక్కన పెట్టాడు. కుట్టే ఆడవాళ్ళని కూడగట్టి, సుజనీలు తాష్కెంట్ దుకాణాలకి పంపే వ్యాపారం అప్పుడే మొదలుపెట్టాడు మరి. గీసే మనిషి లేకపోతే కుట్టేదేముంది?

నేను బుఖారాలో నాలుగేళ్ళు ఇంజనీరింగ్ డ్రాయింగ్ చదివాను. నా డిప్లొమా పెళ్ళి పెట్టెలో అడుగున, పుట్టింటివాళ్ళు పెట్టిన పదహారు పరుపుల కింద, నలగకుండా ఉంది. అంత భద్రంగా ఉన్న వస్తువు ఆ ఇంట్లో మరొకటి లేదు. ఉత్తరాలు టైపు చేసుకోవడానికి మా ఆయన కొన్న కంప్యూటర్‌లో, డబ్బు కట్టక్కర్లేని ఒక బొమ్మలు గీసే ప్రోగ్రామ్ దించాను. అత్తగారి పాత గుడ్డలు ముందేసుకుని, ఆవిడ రేకల వంపుని కొలిచి, అంకెల్లోకి మార్చాను. గీసినదాన్ని బజారులో పెద్ద కాగితం మీద అచ్చు వేయించి, గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, బొగ్గుపొడి మూటతో అద్దితే గుడ్డ మీదకి దిగుతుంది. మొదటి చందమామ గుడ్డ మీద దిగినప్పుడు అత్తగారు వంగి చాలాసేపు చూసింది.

"నా కాలంలో ఒక చందమామ గీస్తే నడుం పడిపోయేది," అంది చివరికి, పక్కింటివాళ్ళకి వినబడేలా. "ఇప్పుడేముందమ్మా. మీట నొక్కితే వచ్చేస్తుంది."

ఆ మాట మా ఇంట్లో నమాజులా రోజుకి ఐదుసార్లు వినబడేది.

మీట నొక్కితే వచ్చేది ఏమిటో చెప్పే అవకాశం ఎవరూ ఇవ్వలేదు కాబట్టి ఇక్కడ చెబుతాను. ఒక రేక గీస్తాను. దాన్ని తిప్పితే పువ్వవుతుంది, నిజమే. కానీ దేని చుట్టూ తిప్పాలో ముందు చెప్పాలి. రేక నడిమధ్యలో ఒక బుల్లి కూడిక గుర్తు ఉంటుంది. దాన్ని పట్టుకుని రేక బయటికి, పువ్వు మధ్యకి ఈడ్చి పెట్టాలి. అప్పుడు రేక దాని చుట్టూ తిరుగుతుంది. ఇక తిప్పిన రేకలు అసలు రేకలు కావు, నకళ్ళు. మొదటిదాన్ని సాగదీస్తే అన్నీ సాగుతాయి, ముడిస్తే అన్నీ ముడుచుకుంటాయి. నకలుకి తనంతట తాను వంగే స్వేచ్ఛ లేదు. ఆ సౌకర్యం నేర్చుకున్న రోజు నేను కాసేపు తెర వైపు చూస్తూ ఉండిపోయాను. చీకటితో లేచి వాకిలి నీళ్ళు చల్లి ఊడ్చే నేను, తందూరులో రొట్టె కొట్టే నేను, అత్తగారి కాళ్ళకి చెప్పులు తిప్పి పెట్టే నేను, వచ్చినవాళ్ళందరికీ గుండె మీద చెయ్యి వేసి వంగే నేను, ఒకే దూరంలో ఒకే వంపుతో గుండ్రంగా నిలబడి ఉన్నాం. దూరం నుంచి చూస్తే ముచ్చటైన సంసారం. మధ్యలో ఆ కూడిక గుర్తు ఎవరు పెట్టారో మాత్రం ఏ రేకకీ తెలియదు. ఆ ప్రోగ్రామ్‌లో మాత్రం ఒక దయ ఉంది. ఏదో ఒక నకలుని ఎంచుకుని లంకె తెంచు అంటే, తెగుతుంది. ఏమీ అడగదు. మీ అత్తగారు ఒప్పుకున్నారా అని కూడా అడగదు. లంకె తెగిన ఆ పన్నెండో రేకలో మనం ఏం కావాలంటే అది గీసుకోవచ్చు.

ఏం గియ్యాలా అని ఆలోచిస్తూ ఉండగా టీ ఏమైనా ఉందా అని వినబడింది. లేచి వెళ్ళి, టీ కాచి, మా ఆచారం ప్రకారం మూడుసార్లు పియాలాలో పోసి మళ్ళీ కెటిల్‌లోకి వంపి, అందరికీ ఇచ్చి, వచ్చి కూర్చుని, ఆ రేకలో ఒక కెటిల్ గీశాను. పొడుగు మెడ, వంకర పిడి, చిటికెన వేలి గోరంత. అప్పటినుంచి ప్రతి చందమామలో పన్నెండోది కెటిల్. నాలుగు పదుల నమూనాలు, లెక్కలేనన్ని దుప్పట్లు. ఎక్కడో ఎవరి పడకగది గోడమీదో నేను టీ కాయడానికి లేచిన ప్రతిసారీ రంగు దారంతో నమోదై ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు. ఆడదానికి ఆ మాత్రం రహస్యం ఉండాలి. నగలు ఎలాగూ లేవు.

ఇక మా ఆయన హిక్మత్. చెడ్డవాడని చెప్పడానికి వీల్లేదు. చెయ్యి చేసుకోడు, తాగడు, నన్ను తిట్టడు కూడా. పేరు పెట్టి పిలవడు, అంతే. అది ఆయన తప్పు కాదు, మా ఊరి ఆచారం. పెళ్ళాన్ని మొదటి బిడ్డ పేరుతో పిలుస్తారు. మా అమ్మాయి లోబర్ పుట్టినప్పటినుంచి నేనూ లోబర్‌నే. ఆయన "లోబర్" అని కేక వేస్తే ఇద్దరం తల తిప్పుతాం. పనైతే నేను, మిఠాయైతే అది. అత్తగారికి నేను కోడలిని. చుట్టాలకి హిక్మత్ వాళ్ళావిడని. మస్తూరా అనే పేరు నా డిప్లొమాతో పాటు పదహారు పరుపుల కింద ఉంది.

మూడేళ్ళుగా ఆయన్ని దుకాణదారులు ఉస్తా అని పిలుస్తున్నారు. అంటే పనిలో ఆరితేరిన గురువు. "నమూనాలు ఎవరు గీస్తారు ఉస్తా?" అని అడిగితే, "మా అమ్మ చెయ్యి, నా బుర్ర," అంటాడు. ఒకసారి టీ ఇస్తున్న నన్ను చూసి మొహమాటపడి, "మా ఇంట్లోవాళ్ళూ సాయం చేస్తారు. మౌస్ పట్టుకోవడం బాగా వచ్చు," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కెటిల్ చేతిలో ఉంది కాబట్టి. లోబర్ బడిలో వ్యాసం రాసింది. మా నాన్న పువ్వులు గీస్తారు, మా అమ్మ ఇంట్లో ఉంటుంది. టీచర్ ఐదుకి ఐదు వేసింది. అక్షరదోషాలు లేవు మరి.

ఈ వసంతంలో నాకు ఒక ఫోను వచ్చింది. బుఖారాలో చేతిపనుల కాలేజీలో ఆడపిల్లలకి కంప్యూటర్ మీద చందమామలు గీయడం నేర్పాలి, వారానికి మూడు రోజులు, నువ్వు వస్తావా అని నా పాత స్నేహితురాలు అడిగింది. ఒక్కటే షరతు. నా సొంత నమూనాలు రెండైనా నా పేరుమీద నమోదై ఉండాలి. నలభై ఉన్నాయి కదా అని నేను పొంగిపోయాను. సరిగ్గా అదే వారం మా ఆయన కూడా పొంగిపోతూ ఒక దరఖాస్తు పట్టుకొచ్చాడు. ఆయనకి అధికారికంగా ఉస్తా బిరుదు ఇవ్వడానికి తాష్కెంట్ నుంచి కమిటీ వస్తోంది. ఇచ్చేటప్పుడు ఉన్న నమూనాలన్నీ ఆయన పేరుమీద ఎక్కిస్తారు. ఒకసారి ఎక్కితే దిగవు.

"వాటిలో రెండు నా పేరుమీద పెట్టండి," అన్నాను. కాలేజీ సంగతి కూడా చెప్పాను.

"వెళ్ళు, ఎవరొద్దన్నారు?" అన్నాడు. "కానీ పొద్దున్నే వాకిలి ఎవరు ఊడుస్తారు? అమ్మకి టీ ఎవరిస్తారు? నువ్వే ఆలోచించు." ఆలోచించే పని కూడా నాదే. "అయినా నీ పేరేమిటి, నా పేరేమిటి? ఇంట్లో అంతా ఒకటే కదా."

"ఒకటే అయితే నా పేరే పెట్టండి."

"నీకు హాస్యం ఎక్కువ," అన్నాడు ముచ్చటపడుతూ.

దరఖాస్తులో అడుగున సహాయకులు అనే గడి ఉంది. అక్కడ నా సంతకం కావాలి. అత్తగారు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. వణుకుతున్న చెయ్యి. ఆ వణుకు నా భుజంలోంచి కలంలోకి దిగింది. "పెట్టెయ్యమ్మా, ఇంటి పరువు," అంది. పెట్టేశాను. నన్ను ఎవరూ కట్టెయ్యలేదు, తలుపు గడియ వెయ్యలేదు. భుజం మీద ఒక ముసలి చెయ్యి, అంతే. దాన్ని విదిలించుకోవడం ఏ కాలేజీలోనూ నేర్పరు.

కమిటీ ముందు కూర్చుని ఒక చందమామ గీసి చూపించాలని నిబంధన. ముందురోజు, "ఒకసారి ఎలాగో చూపించనా?" అని అడిగాను. అప్పటికి నాలో ఇంకా మంచితనం మిగిలే ఉంది.

"నాకు తెలీదా? ఆరేళ్ళుగా చూస్తున్నాను. మీట నొక్కడమే కదా."

నేను ఆయన మొహంలోకి చూశాను. అబద్ధం ఆడటం లేదు. నిజంగా నమ్ముతున్నాడు. పొద్దస్తమానం ఆ మాటే వింటూ ఉంటే ఎవరైనా నమ్ముతారు.

గురువారం కమిటీ వచ్చింది. ఒక పెద్దాయన, ఫోటోలు తీసే ఒక కుర్రాడు, ముకర్రమ్ ఓపా అని అందరూ అక్కగా పిలిచే ఒకావిడ. యాభై దాటిన మనిషి, మెడలో తాడుకి కట్టిన భూతద్దం. మధ్యాహ్నం పలావు. పెద్ద విందుకి పలావు మగవాళ్ళే వండుతారు మా వైపు. నాలుగు కిలోల క్యారట్లు సన్నగా తరిగి, ఉల్లిపాయలు కోసి, బియ్యం ఏరి, మాంసం కడిగి, పొయ్యి రాజేసి ఇచ్చాను. మా ఆయన గరిటె తిప్పాడు. "ఉస్తా, పలావు అద్భుతం," అన్నాడు పెద్దాయన. మా ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని వినయంగా వంగాడు. ఉత్తినే అనకూడదు, గరిటె బాగానే తిప్పాడు.

భోజనాలయ్యాక ముకర్రమ్ ఓపా సుజనీలన్నీ తప్చాన్ అనే వెడల్పాటి చెక్క బల్ల మీద పరిపించి, భూతద్దంతో ఒక్కొక్కదాన్నీ చూసింది. నేను టీ పోస్తున్నాను.

"ఉస్తా హిక్మత్, ప్రతి దాంట్లో ఒక రేక బదులు కెటిల్ ఉంది. ఈ గుర్తు ఎవరిది?"

మా ఆయన కెటిల్‌ని అప్పుడే మొదటిసారి చూశాడని నాకు తెలుసు. ఒక్క క్షణం కూడా తడబడలేదు. "అది మా వంశం గుర్తు ఓపా. మా అమ్మ నుంచి నాకు వచ్చింది."

ఆవిడ రాసుకుంది. మూల పరుపు మీద కూర్చున్న మా అత్తగారి పియాలాలో టీ కదిలింది.

"సరే, ఒక చందమామ గీసి చూపించండి మరి."

మా ఆయన చొక్కా చేతులు మడిచి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అందరూ వెనక చేరారు. నా నమూనా ఒకటి తెరిచి, అందులోంచి ఒక రేకని విడిగా తెచ్చుకున్నాడు. అంతవరకు బాగానే ఉంది. ముప్ఫై అని అంకె కొట్టి, పన్నెండుసార్లు తిప్పమని మీట నొక్కాడు. మీట దాని పని అది చేసింది. కూడిక గుర్తు రేక నడుముమీదే ఉండిపోయింది కాబట్టి, రేకలన్నీ కదలకుండా ఉన్నచోటే ఒకదానిమీద ఒకటి తిరిగి, తెర మధ్యలో ఒక క్యాబేజీ మొలిచింది.

పెద్దాయన దగ్గాడు. మా ఆయన చెరిపి మళ్ళీ చేశాడు. రెండో క్యాబేజీ. ఈసారి కొంచెం పెద్దది.

"లోబర్," అన్నాడు తల తిప్పకుండా, "ఈ కంప్యూటర్‌కి ఏమైంది చూడు."

రొట్టెల పళ్ళెంతో గుమ్మంలో ఉన్న మా అమ్మాయి, "నన్నా నాన్నా, అమ్మనా?" అని అడిగింది.

ముకర్రమ్ ఓపా భూతద్దం వదిలేసి నా వైపు చూసింది. "మీ పేరు కూడా లోబరేనా అమ్మా?"

మా ఆయన ఇప్పుడు తల తిప్పాడు. ఆ చూపు నాకు తెలుసు. ఉప్పు ఎక్కడుంది, నా తెల్ల టోపీ ఎక్కడుంది, దుకాణంవాడి పేరేమిటి, అన్నప్పుడు చూసే చూపే. నేను చెప్పడానికే ఉన్నానన్న నిశ్చింత. ఒక్క మాట చాలు. గుర్తుని పట్టుకుని బయటికి లాగండి అంటే చాలు, లేదా టీ ఇచ్చే వంకతో వంగి ఆయన చెయ్యి పక్కన నా చెయ్యి పెట్టి ఒక్క అంగుళం ఈడిస్తే చాలు, చందమామ విచ్చుకుంటుంది, బిరుదు వస్తుంది, నలభై నమూనాలూ ఎక్కుతాయి, సాయంత్రం ఆయన సంతోషంగా, చూశావా మీట నొక్కితే వచ్చేసింది అంటాడు. పన్నెండేళ్ళుగా ఆయన మొహం చిన్నబోయిన ప్రతిచోటా నేను ఆ అంగుళం ఈడుస్తూనే ఉన్నాను. నా అరచేయి అప్పుడే ముందుకు కదలబోయింది కూడా. అలవాటు మనకన్నా ముందు లేస్తుంది. చేతిలో కెటిల్ ఉండటం మంచిదయింది. దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, నిలబడ్డచోటే నిలబడ్డాను.

మూడో క్యాబేజీ మొలిచింది.

"హిక్మత్," అంది మా అత్తగారు, "లే నాన్నా. ఆ కుర్చీ నీది కాదు."

"అమ్మా, కాస్త ఆగు, కంప్యూటర్‌కి ఏదో..."

"దానికేం కాలేదు. లే."

ఆయన లేచాడు. ఆవిడ గోడ పట్టుకుని మెల్లగా లేచి, వణుకుతున్న చేత్తో పియాలాని తెచ్చి నా చేతిలోని కెటిల్ పక్కన పట్టుకుంది. నేను పోస్తానని పట్టుకుందేమో అనుకున్నాను. కాదు. రెండూ పక్కపక్కన పెట్టి ముకర్రమ్ ఓపాకి చూపిస్తోంది.

"రాసుకున్నది కొట్టెయ్యమ్మా. నా గుర్తు మిరపకాయ. నలభై ఏళ్ళలో ఒక్క కెటిల్ గియ్యలేదు నేను. నా మిరపకాయల్ని కూడా పై ఊళ్ళలో మా మామగారి పేరు చెప్పి అమ్మారు, అప్పుడు నోరు మూసుకున్నాను, అది వేరే సంగతి." ఊపిరి తీసుకుంది. "ఈ కెటిల్ ఎవరిదో మొదటి గుడ్డ మీదే నాకు అర్థమైంది. గీతలు గీసినదాన్ని, నాకు తెలీదా? నేను టీ అడిగినప్పుడల్లా ఇందులో ఒకటి పడింది. తెలిసే అడిగాను. నా చెయ్యి ఆగిపోయాక ఇంకో చెయ్యి ఆగకుండా నడుస్తుంటే చూడలేకపోయాను."

మా ఆయన నేలచూపులు చూస్తున్నాడు. లోబర్ పళ్ళెం కింద పెట్టేసింది. ముకర్రమ్ ఓపా కలం తెరిచింది.

"పేరేమిటన్నారు?"

"మస్తూరా," అంది మా అత్తగారు, పన్నెండేళ్ళలో మొదటిసారి, నోరు తిరగని పేరేదో పలుకుతున్నట్టు జాగ్రత్తగా. "మీట నొక్కితే వచ్చేస్తుందని ఊరంతా చెప్పాను. తప్పు చెప్పాను."